ఎడమవైపు వెనక మూల

జూన్ 9, ఆదివారం

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, అమ్మా, బాల్కనీలో అమ్మ పెంచే మొక్కలూ అందరం కులాసా. అక్కడ నువ్వూ, వదినా, రోజంతా సినిమాల మోత మోసే నీ చెవులు రెండూ కులాసాగా ఉన్నాయని తలుస్తాను.

నీ ఉత్తరాన్ని ఇంటికి కాకుండా క్లినిక్‌కు పంపి మంచి పని చేశావు. ఫోన్ చేసి ఉంటే ఈపాటికి అంతా బయటపడిపోయేది. ఈ రెండు గదుల ఇంట్లో నేను ఫోన్ తీస్తే చాలు, అమ్మ వంటింట్లో కుళాయి కట్టేస్తుంది. ఎందుకమ్మా కట్టేశావంటే, నీళ్ళు ఊరికే పోతున్నాయి కదా అంటుంది. అయినా నువ్వు ఫోన్ మనిషివి కావు కదా. పగలంతా వినీ వినీ, పని అయ్యాక ఎవరి మాటా చెవికెక్కదని నువ్వే రాశావు. సరే, ఉత్తరాలే కానీ.

అది ఎక్కడ చదివానో తెలుసా? క్లినిక్‌లో చెవులు పరీక్ష చేసే గదిలో. గోడల నిండా దిండ్ల లాంటివి అతికించి, తలుపు వేస్తే బయట లోకమే లేనట్టుండే ఆ చిన్న గది నీకు చూపించాను కదా. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు తలుపు వేసుకుని కూర్చున్నాను. అక్కడ కాసేపు కూర్చుంటే మన ఊపిరి మనకే ఎవరిదోలా వినిపిస్తుంది. నువ్వు శబ్దాలు కూర్చిన కొత్త సినిమాలో బస్టాండు సీను ఉందనీ, ఆ సీనులో దూరం నుంచి వినబడే అనౌన్స్‌మెంటుకు నాన్న గొంతు పెట్టాననీ రాసిన చోటికి వచ్చేసరికి కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. మళ్ళీ విప్పడానికి చాలాసేపు పట్టింది.

నాన్న బస్సు డిపోలో తన అనౌన్స్‌మెంట్లు రికార్డు చేసి తెచ్చిన ఆ క్యాసెట్టు నువ్వు తీసుకెళ్ళావన్న సంగతే నేను మరిచిపోయాను. అన్నయ్యా, ఎవరికీ చెప్పని మాట ఒకటి నీకు రాస్తున్నాను. నాన్న పోయి ఆరేళ్ళు. ఆయన ముఖం, ఆయన నడక, చొక్కా చేతులు మడుచుకునే తీరు అన్నీ కళ్ళ ముందున్నాయి. గొంతు మాత్రం పోయింది. ఏం మాట్లాడేవారో గుర్తుంది, అది ఎలా వినబడేదో గుర్తు లేదు. ఆదివారం మధ్యాహ్నాలు మగతగా పడుకున్నప్పుడు ఒక్కోసారి ఆ గొంతు గుమ్మం దాకా వచ్చినట్టుంటుంది. లోపలికి రమ్మనేలోపే మెలకువ వచ్చేస్తుంది. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ వినికిడి పరీక్షించేదాన్ని, సొంత నాన్న గొంతు పోగొట్టుకుని కూర్చున్నాను. నవ్వకు.

అందుకే నువ్వు చెప్పిన పని వెంటనే ఒప్పుకున్నాను. సినిమా మన ఊరికి వచ్చేలోపు హాళ్ళన్నీ తిరగాలి. బొమ్మ, శబ్దం ఎక్కడ బాగున్నాయో చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎడమవైపు వెనక మూల స్పీకరు బతికి ఉండాలి, నాన్న గొంతు వచ్చేది అక్కడి నుంచే కాబట్టి. అమ్మకు మాత్రం ముందుగా చెప్పకూడదు. గొంతును ఆ మూలనే ఎందుకు పెట్టావో నువ్వు రాయలేదు, రాయక్కర్లేదు. బడి అయ్యాక డిపో బెంచీ మీద మనిద్దరం కాళ్ళూపుకుంటూ కూర్చుంటే, నాన్న అద్దాల గది మనకు ఎడమవైపు వెనకే ఉండేది.

నిన్న షాపింగ్ కాంప్లెక్సు పై అంతస్తులో ఉన్న హాలుతో మొదలుపెట్టాను. ఊరంతా అదే గొప్పదంటుంది. గొప్పదే. మీట నొక్కితే సీటు మంచమైపోతుంది. నా పక్కాయన పేర్లు పడటం అయ్యేలోపే గుర్రు పెట్టాడు. నువ్వు చెప్పినట్టే తెరకు మరీ దగ్గర కాకుండా, వెనక గోడకు మరీ ఆనకుండా, నట్టనడుమ కూర్చున్నాను. బొమ్మకు వంక పెట్టడానికి లేదు. నల్లగా ఉండాల్సిన చోటు నల్లగానే ఉంది, బూడిద చల్లినట్టు లేదు. మూలల్లో కూడా అక్షరాలు అలుక్కుపోలేదు. సముద్రం చూపిస్తే నాకు కాళ్ళు తడిసినంత పనైంది.

ఇంటర్వెల్ తర్వాత ఎడమ మూలకు మారాను. స్పీకరు బతికే ఉంది గానీ జ్వరం వచ్చినవాడిలా గొణుగుతోంది. సరే చెవి పెడదామనుకుంటే, తెర మీద హీరో ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని మనసులో మాట చెప్పబోయే సమయానికి గోడ అవతలి హాల్లో యుద్ధం మొదలైంది. ఇక్కడ ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు, అక్కడ ఫిరంగులు. నా సీటు అదిరిపోతోంది. జనం ఒకటే నవ్వు.

బయటికి వచ్చి మేనేజరును పట్టుకున్నాను. సౌండు అంత తక్కువగా పెట్టారేమిటండీ అని అడిగితే, పెంచితే పిల్లలు జడుసుకుంటున్నారని ఒకరు, తగ్గిస్తే వినబడట్లేదని ఒకరు, నేను మధ్యలో పెట్టి ఇద్దరి చేతా తిట్లు తింటున్నాను మేడం అన్నాడు. మరి ఆ గోడ సంగతేమిటన్నాను. ఆ యుద్ధం సినిమా వచ్చే శుక్రవారం తీసేస్తారండీ, ఇక గోడ బాగానే ఉంటుంది అన్నాడు. అంత నమ్మకంగా చెప్తుంటే నేనే థాంక్స్ చెప్పి వచ్చేశాను.

ఈ హాలు కాదు అన్నయ్యా. నాన్న మాట్లాడుతుంటే ఫిరంగులు పేలడం నాకిష్టం లేదు. వచ్చేవారం మిగతా రెండూ చూస్తాను.

వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు


జూన్ 16, ఆదివారం

అన్నయ్యకు,

నమస్కారం. అందరం బాగున్నాం. బాగోలేనిది నా పరువు ఒక్కటే. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నీ జవాబు అందింది. అంత పెద్ద కాగితం మీద రెండే రెండు వాక్యాలు. చూడ్డం జనం చూసుకుంటారు, అమ్మకు వినబడితే చాలు అని రాశావు. బాగానే ఉంది. కానీ బుధవారం సాయంత్రం స్టేషను దగ్గరి పాత హాలుకు వెళ్ళి ఉంటే నువ్వు కూడా ఆ మాట మీద నిలబడేవాడివి కాదు.

మనం చిన్నప్పుడు చూసిన హాలే. ఆ బాల్కనీ, ఆ వంపు తిరిగిన మెట్లు, మెట్ల మలుపులో మనిషంత అద్దం అన్నీ అలాగే ఉన్నాయి. అద్దంలో నేనే కొంచెం మారాను. లోపల జనం పలచగా ఉన్నారు. తెర మాత్రం, అబ్బ, ఆకాశం నుంచి ఓ ముక్క కత్తిరించి వేలాడదీసినట్టుంది. ప్రొజెక్టరులో దీపం పాతబడిందేమో, వెలుతురు తగ్గి, తెర మీది మనుషులందరూ సంధ్యవేళలో తిరుగుతున్నట్టు కనిపించారు. తప్పే అది. ఎండలో తీసిన సీను సాయంత్రంలా కనిపించకూడదని నాకూ తెలుసు. అయినా బాల్కనీ ముందు వరుసలో కూర్చుని, రెయిలింగు మీద గడ్డం ఆనించి చూస్తుంటే, సినిమా చూస్తున్నానో ఎప్పుడో కన్న కలను మళ్ళీ కంటున్నానో తెలియలేదు. కథేమిటని ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఒక ఆవిడ పడవలో వెళ్తూనే ఉంది.

వర్షం సీను వచ్చాక గానీ ఒళ్ళు తెలియలేదు. తెర మీద కుండపోత. నా వెనకాల మాత్రం చుక్క పడలేదు. తల తిప్పి చూస్తే గోడకు స్పీకరు పెట్టెలు వరసగా ఉన్నాయి, ఎడమ మూలది కూడా ఉంది. దానికి కప్పిన గుడ్డ చిరిగి, లోపల గడ్డీ గాదం కనిపించాయి. నేను చూస్తుండగానే ఒక పిచ్చుక బయటికి తొంగిచూసి, సినిమా నచ్చనట్టు మళ్ళీ లోపలికి పోయింది.

ఆపరేటరును అడిగితే, ఆ పెట్టెలకు కరెంటు తీసేసి చాలా కాలమైందమ్మా అన్నాడు. జనం ముందుకే కదా చూసేది, వెనక ఏముందని ఎవరు పట్టించుకుంటారు, పైగా ఇప్పుడు వాటిలో పిల్లలున్నాయి, ఎగిరిపోయేదాకా ముట్టుకోను అని కూడా అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు. ఇంటికి వస్తూ దారి పొడుగునా నాలో నేను బేరమాడుకున్నాను. ఎలాగూ అమ్మకు చెప్పలేదు కదా, గొంతు వినబడకపోయినా ఈ తెర మీద నీ సినిమా చూస్తే చాలదా అని. చాలదు. అది నాకు ఇంటి గుమ్మం ఎక్కుతుండగా తెలిసింది.

ఇప్పుడు నా పరువు సంగతి. గుమ్మంలోనే అమ్మ ఎదురైంది. మొన్న ఒక సినిమా, ఇవాళ ఒక సినిమా, ఏమిటే ఈ కొత్త వేషాలు అంది. ఊరికేనమ్మా అన్నాను. ఊరికే ఎవరూ ఒక్కరే సినిమాలకు పోరు, మనిషి మంచివాడేనా అని అడిగింది. నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అయ్యో అలాంటిదేమీ లేదమ్మా అంటే, లేకపోతే కళ్ళెందుకు అలా ఉన్నాయి అంది. ఉన్నాయి మరి, ఆ పడవావిడ వల్ల. ఏం చెప్పను? వినేసరికి పక్కింటావిడ కూడా తయారు. ఇద్దరూ కలిసి నాకు లేని మనిషికి ఉద్యోగం, ఎత్తు, రంగు అన్నీ ఖాయం చేశారు. హాలుకో మనిషి కాదు కదా అని పక్కింటావిడ అనుమానం కూడా.

ఆ వేడిలోనే అమ్మ తన కథ చెప్పింది. మనకు తెలిసిందే, కానీ ఈసారి మెల్లిగా, బట్టలు మడతపెడుతూ చెప్పింది. డిపోలో పార్సిల్ ఆఫీసులో చేరిన కొత్తలో నాన్నను చూడకముందే నాన్న గొంతు విందట. బస్సుల రొద, మూటలు పడేసే చప్పుడు, జనం కేకలు, వాటన్నిటి మీదుగా తాపీగా, ఎవరినీ కసురుకోకుండా ఒక గొంతు. మనిషి ఎలా ఉంటాడో చూడాలని కూడా అనిపించలేదట చాలా రోజులు. చూశాక కొంచెం పొట్టి అనిపించిందట, కానీ అప్పటికే ఆలస్యమైపోయిందట. అంత గొంతు పెట్టుకుని ఇంట్లో మాట్లాడింది ఎంత, జీతం ఇచ్చే చోట మాట్లాడినంత నాతో మాట్లాడలేదు మీ నాన్న అని నవ్వింది. నేను చెప్పేయబోయాను అన్నయ్యా. నాలుక చివరిదాకా వచ్చింది. నీకిచ్చిన మాట గుర్తొచ్చి, మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ విప్పి మడతపెట్టాను.

ఇక మూడోది, వంతెన పక్క చిన్న హాలు. అసలు దాని మీద నాకు ఆశే లేదు. బయటి నుంచి చూస్తే గోడౌనులా ఉంటుంది. దాన్ని నడిపే ఆవిడ మా క్లినిక్‌కు వస్తుంది. వినికిడి తగ్గి కుడి చెవికి మిషన్ పెట్టుకుంది. గోడల నిండా మందపాటి కర్టెన్లు కట్టించింది కాబట్టి మా వాళ్ళు ఆవిడను కర్టెన్లావిడ అంటారు. శుక్రవారం మిషన్ సరిచేయించుకోవడానికి వస్తే మాటల్లో మీ హాల్లో వెనక స్పీకర్లు పనిచేస్తాయా అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, రేపు పొద్దున వచ్చి మీరే వినండి, నా చెవుల్ని నేను నమ్మట్లేదు, మీ చెవులు నాకు కాసేపు అప్పివ్వండి అంది.

నిన్న పొద్దున వెళ్ళాను. ఆట లేని హాలు ఎప్పుడైనా చూశావా? నువ్వు చూసే ఉంటావు. నాకు కొత్త. సీట్లన్నీ ఖాళీగా, ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు. పైన ఒక్కటే బల్బు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి ఆవిడ పైకి వెళ్ళింది. కాసేపటికి ఒక చప్పుడు మొదలైంది. దూరంగా ఎక్కడో వాన పడుతున్నట్టు, కేవలం శ్‌మని. ముందు తెర వెనక నుంచి వచ్చింది. తర్వాత కుడి గోడ మీదికి జరిగింది. ఒక్కో స్పీకరూ దాటుకుంటూ, పాదాలకు చప్పుడు లేని మనిషి ఎవరో చేత్తో గోడ తడుముకుంటూ నా చుట్టూ నడుస్తున్నట్టు వెనక్కి వెళ్ళింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ మనిషి వెనక గోడ వెంబడి నడిచి ఎడమ మూలకు వచ్చాడు. అక్కడ కొంచెం తడబడ్డాడు. వాన మధ్యలో ఈగ జొరబడ్డట్టు ఒక సన్నని బరబర.

పైకి కేకేసి చెప్పాను. ఆవిడకు వినబడలేదు. మెట్లెక్కి వెళ్ళి చెప్పాను. నాకు తెలియనే లేదే అని బాధపడింది. నాకు వినబడకపోతే చెవి పోయిందనుకుంటాను, డబ్బిచ్చి కూర్చున్నవాళ్ళకు వినబడకపోతే ఏమనుకోవాలి అంది. నా ముందే మెకానిక్‌కు ఫోన్ చేసి, లోపలి అట్ట చిరిగిందట, మంగళవారానికల్లా మార్చెయ్యి అని గట్టిగా చెప్పింది. ఎందుకంత పట్టుబట్టానో అడిగితే మాత్రం చెప్పేశాను. మొత్తం చెప్పేశాను. వింటూ వింటూ ఆవిడ చెవి మిషన్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

బొమ్మ సంగతి దాచను. తెర చిన్నది. కింద కుడివైపు ఎప్పుడో నీళ్ళు కారిన మరక ఉంది. బయటికి పోయే దారి మీది ఎర్ర దీపం తెర అంచుకు కాస్త రంగు పూస్తుంది. సీట్లు కిర్రుమంటాయి, కదలకుండా కూర్చోవాలి. కానీ గోడ అవతల ఏరు తప్ప ఏమీ లేదు. ఫిరంగులు లేవు, పిచ్చుకలు లేవు. నీ సినిమా ఇరవై ఒకటిన వస్తే మొదటి రోజు నుంచీ వేస్తానని ఆవిడ మాటిచ్చింది. ఇక్కడే, అన్నయ్యా. ఇదే.

ఉంటాను.

నీ చెల్లెలు


జూన్ 22, శనివారం

అన్నయ్యకు,

నమస్కారాలు తర్వాత. ముందు వార్త. విన్నాం. అమ్మ విన్నది. నేను విన్నాను.

ఇప్పుడే ఇంటికి వచ్చాం. అమ్మ లోపల చీర మార్చుకుంటోంది. వేడి చల్లారకముందే రాయాలని ఇలా వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

అన్నయ్య పనిచేసిన సినిమా వచ్చిందట, పద అని మాత్రమే చెప్పాను అమ్మకు. ఆ చిన్న హాలుకెందుకు, పైన కాంప్లెక్సులో చల్లగా ఉంటుందట కదా అంది. అక్కడ నిద్ర పడుతుందమ్మా అన్నాను. ఆ మనిషి కూడా వస్తున్నాడా అని అడిగింది. ఇంకా వదల్లేదు. వస్తాడులే, కనిపించడు గానీ అన్నాను. నా నోటికి అప్పుడు అలా వచ్చింది.

మాట్నీకి వెళ్ళాం. బయట మబ్బు పట్టి, వంతెన కింద ఏరు బూడిద రంగులో ఉంది. కర్టెన్లావిడ స్వయంగా వచ్చి మమ్మల్ని మధ్యలో కూర్చోబెట్టింది. అమ్మ చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది. ఆవిడెవరే నాకు తెలియదు కదా అంది అమ్మ. హాల్లో జనం ఎక్కువ లేరు. మీ సినిమాకు పెద్ద పేరేమీ రాలేదులే, బాధపడకు. చూసినవాళ్ళు మాత్రం మెదలకుండా చూశారు.

నాకు మొదటి సగం కథ ఎక్కలేదు. నిజం చెప్తున్నాను. ఎప్పుడొస్తుందా అని చెవి ఎడమవైపే పెట్టుకుని కూర్చున్నాను. ఇంటర్వెల్ తర్వాత ఆ అమ్మాయి సంచి పట్టుకుని బస్టాండులోకి వచ్చింది. బయట వర్షం. అన్నయ్యా, నువ్వు ఎంత బాగా చేశావు. రేకుల మీద వాన మా తల మీదే పడింది. కుడిపక్క ఎవరో చీపురుతో నీళ్ళు తోస్తున్నారు. వెనకెక్కడో బస్సు ఆగి ఆగి నిట్టూరుస్తోంది. ఎక్కడో పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టి మానేశాడు. నాకు తడి సిమెంటు వాసన వచ్చింది, ఒట్టు. మనిద్దరి బెంచీ మీదికి నన్ను ఎవరో ఎత్తుకెళ్ళి కూర్చోబెట్టినట్టయింది.

అప్పుడు ఎడమవైపు వెనక మూల నుంచి వచ్చింది. తాపీగా, ఎవరినీ కసురుకోకుండా.

ప్రయాణికులకు మనవి. ఐదో ప్లాట్‌ఫారం మీది బస్సు బయలుదేరబోతోంది. మీ సామాను చూసుకోండి. మీతో వచ్చినవాళ్ళు మీతోనే ఉన్నారో లేదో ఒకసారి చూసుకోండి.

ఆ చివరి మాట డిపోవాళ్ళు రాసిచ్చిన కాగితంలో ఉండేది కాదు కదా. నాన్న సొంతంగా కలిపింది. పైవాళ్ళు వద్దని రెండుసార్లు చెప్పినా మానలేదు. అదీ పెట్టావు నువ్వు.

హాల్లో అందరూ తెర వైపు చూస్తున్నారు. అమ్మ ఒక్కతే తల వెనక్కి తిప్పింది. ఎడమ భుజం మీదుగా, ఆ మూలకు. సీటు కిర్రుమంది. గొంతు ఆగాక కూడా కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయింది. తెర వెలుతురు ఆమె చెంప మీద పడి కదులుతోంది. తర్వాత మెల్లిగా ఇటు తిరిగి, నా చెయ్యి వెతికి పట్టుకుంది. నేను అప్పటికే ఏడుస్తున్నాను. ఆ గొంతు, అన్నయ్యా. విన్న క్షణంలోనే ఇదే, ఇలాగే ఉండేది అని ఒళ్ళంతా చెప్పింది. గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయేది ఇవాళ లోపలికి వచ్చి కూర్చుంది.

సినిమా అయ్యాక అమ్మ లేవలేదు. పేర్లన్నీ అయ్యేదాకా కూర్చుంది. నీ పేరు తెల్లగా, చిన్నగా, పైకి వెళ్ళిపోయింది. అమ్మ పెదవులు కదిపి చదువుకుంది. బయట కర్టెన్లావిడ టీ తెప్పించింది. అప్పుడు చెప్పాను, పాత క్యాసెట్టు నుంచి అన్నయ్య తీసి పెట్టాడమ్మా, నీ కోసమే ఈ హాలు వెతికాను, మనిషీ లేడు ఏమీ లేడు అని. అమ్మ టీ గ్లాసు చూసుకుంటూ తలూపింది. మంచి పని చేశారు ఇద్దరూ అంది. లేచేటప్పుడు, రేపు కూడా వద్దామా అంది.

నీకు ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. మళ్ళీ రాస్తాను. వదినకు నా ప్రేమ.

నీ చెల్లెలు

తా.క.: కవరు అంటించకుండా ఉంచాను, మంచిదయింది. ఇవాళ ఆదివారం. రెండోసారి వెళ్ళి వచ్చాం.

వంతెన మీద నడిచి వస్తూ నేను ఒకటే వాగుతున్నాను. నాన్న గొంతు దొరికింది, ఇక పోనివ్వను అంటూ. అమ్మ నన్ను చాలాసేపు వాగనిచ్చింది. వంతెన సగం దాటాక ఆగి, రెయిలింగు మీద చెయ్యి వేసి, అది మీ నాన్న కాదే, మీ అన్నయ్య అంది.

నేను ఒప్పుకోలేదు. చెవులు నా వృత్తి అమ్మా అన్నాను. అమ్మ నవ్వింది. ఆ చివరి మాట మీ నాన్న ఎప్పుడూ నవ్వు దాచుకుంటూ చెప్పేవారు, అద్దాల గదికి ఎదురుగా పార్సిల్ ఆఫీసులో నేను కనిపించేదాన్ని కదా, నా వైపు చూసి చెప్పేవారు, అందుకే అది మానమంటే మానలేదు అంది. ఇందులో మాట ఉంది, తాపీ ఉంది, పలుకు కూడా అచ్చం అదే, ఆ నవ్వు మాత్రం లేదు, ఇంత దిగులుగా మీ నాన్న ఒక్కనాడూ చెప్పలేదు, ఆయన్ను పోగొట్టుకున్నవాడు చెప్పిన మాట ఇది అంది. క్యాసెట్టు సంగతి కూడా ఆమెకు తెలుసు. నాన్న పోయిన కొత్తలో, నువ్వు తీసుకెళ్ళకముందే, ఒకసారి పెట్టుకుని విందట. టేపు పాడై, బుస తప్ప గొంతేమీ లేదట. నువ్వు చెప్పలేదు, ఆమె అడగలేదు.

నాకు నీ మీద కోపం వచ్చింది. దాచను. నాన్నను తలుచుకుంటే ఇక నీ గొంతే వినబడుతుంది కదా నాకు, జన్మంతా. ఆ కోపంతో కాసేపు ఏటి వంకే చూస్తూ నిలబడ్డాను. మరి నిన్న వెనక్కి ఎందుకు తిరిగావమ్మా, నాన్న కాదని తెలిస్తే, అని అడిగాను.

వాడు వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడేమో అనుకున్నానే, అంది.

ఈ సంగతి నీకు రాయొద్దంది. రాస్తున్నాను. రేపు మాట్నీకి మళ్ళీ వెళ్తున్నాం, నేను సెలవు పెట్టాను. అమ్మకు నిన్ను వినాలని ఉందట.